పచ్చ చుట్ట

ముందు ఆకు కావాలి.
అక్కడ దాన్ని పాండన్ అంటారు.
పాసిర్ గుడాంగ్‌లో మా వెల్డింగ్ యార్డు గేటుకెదురుగా
కాక్ ఖదీజా పెరట్లో గడ్డిలా పెరిగేది.
కాక్ అంటే అప్ప.
ఆమె ఆకు నలిపి ముక్కు దగ్గర పెడితే
కాలిన ఇనుము తప్ప ఏదీ ఎరగని నా ముక్కు
కొత్తబియ్యం వార్చిన ఇంట్లోకి ఒక్కసారి వెళ్ళొచ్చింది.

కవిటిలో పాండన్ లేదు. దాని చుట్టం ఉంది.
సరుగుడు తోట కవతల, ఇసకదిబ్బ మీద
మూడు వరసల ముళ్ళేసుకు కూచున్న మొగలి.
ఆకులో ఏమీ లేదు, వాసనంతా పువ్వులోనే.
"పాముంటది, సూసి సెయ్యి పెట్టు బావూ"
అంది అత్త,
రెండు మాటల మధ్య ఊపిరి కోసం ఆగి.

రంగుకి పాలకూర నూరాను.
"అట్టులో పాలకూరేటి," అని హేమావతి నవ్వు.
మైదా, గుడ్డు, పలచటి కొబ్బరిపాలు,
ఉప్పు చిటికెడు.
ఆ చిటికెడు దగ్గర చెయ్యి ఆగింది.
ఈ ఇంట్లో ఉప్పు డబ్బా
అటకెక్కి రెండేళ్ళు.

కాయలు మావే.
తిత్లీ ఊడబెరుక్కు పోగా
గోడకి ఒరిగి బతికిన రెండు చెట్లవి.
వద్దంటే వినదు, అత్తే కోరింది.
ఆమె ఎడమ మణికట్టు మీద ఉబ్బిన నరం
చెవి ఆనిస్తే తేనెటీగలా రొద పెడుతుంది.
ఆ చేతికి బరువు పెట్టకూడదు.
కుడి చేత్తోనే చిప్పని తిప్పుతుంది,
తెల్లగా, మెత్తగా రాలుతుంటుంది
ఆమె తినకూడనిది.

డాక్టరు రాసిచ్చిన వద్దుల్లో
మొదటిది ఉప్పు, రెండోది చుట్ట, మూడోది కొబ్బరి.
ఉద్దానంలో కూచుని కొబ్బరి వద్దని రాసేటప్పుడు
ఆ కలం ఒక్క క్షణమైనా
తడబడిందో లేదో.

తాటిబెల్లం కరిగి, నురగొచ్చి,
కోరు పడ్డాక ఇల్లంతా ఒకటే కమ్మదనం.
"లౌజు గదేటి ఇది!
సముద్రాలు దాటెల్లి
మా యమ్మ లౌజు నేర్సుకొచ్చినావేటి?"
నిజమే. అయినా కాస్త నొచ్చుకున్నాను.
మూడేళ్ళు, ఏజెంటు అప్పు,
ఆదివారం ఆదివారం ఆ అప్ప గిన్నెలు తోమి
సంపాదించుకొచ్చిన విద్య అది.

మొదటి అట్టు పెనం తీసేసుకుంది.
రెండోది చిరిగింది.
మూడోది, కాక్ చెప్పినట్టే,
వెలుతురుకి పడితే వేళ్ళు కనపడేంత పలచన.
తిరగెయ్యకూడదు.
ఒకవైపే కాలాలి, రెండోవైపు సంగతి ఆవిరి చూసుకుంటుంది.
నడుమ లౌజు, అటోమడత ఇటోమడత,
ఆపైన చాప చుట్టినట్టు చుట్టడం.

పళ్ళెం ఆమె ముందు పెట్టలేను,
ఆమె ముందునుంచి తీసుకుపోలేను.
"ఒట్టిది ఒకటి సుట్టియ్యి," అంది తనే.
నీళ్ళతో వేరే పిండి కలిపాను,
రంగుకి రెండే చుక్కలు,
పైన ఒక మొగలి రేక రాసి తీశాను.
లోపల ఏమీ పెట్టకుండా చుట్టిచ్చాను,
వేలెడంత పొడుగు, లేతాకుపచ్చ.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.
కొన నలిపి, గట్టిగా మెలేసి,
పెదవుల మూలకి పెట్టుకుంది
నిప్పు కొన లోపలికి పెట్టుకునే
అడ్డచుట్టలాగే,
కళ్ళు మూసుకుని.

నాకు మాట రాలేదు.
హేమావతే లేచి
అగ్గిపెట్టె కోసం గూట్లన్నీ వెతికినట్టు నటించింది.
అత్త నవ్వి, నవ్వి, పొలమారితే
కొలత గ్లాసులోంచి రెండు గుక్కలు ఇచ్చాం.
రోజు లెక్కలో అవి తగ్గించి రాసుకున్నాం.

రేపు శుక్రవారం. ఆరింటికి సోంపేట బస్సు.
డబ్బాలో నాలుగు సర్దమంది,
మిషను దగ్గరుండే సిస్టరమ్మకి,
గుమ్మం దాకా దింపే ఆటో కుర్రాడికి.
నేను ఒట్టివి చుట్టబోతుంటే చెయ్యి పట్టుకుంది.
"లౌజెట్టు బావూ. నిండా ఎట్టు.
ఆల్లేటి పాపం సేసినారు."